దోనె దిగకముందే గెలవాలి

మీకూ ఇలాగే జరుగుతోందా? వారమంతా ఎదురుచూసి ఆదివారం మధ్యాహ్నం నలుగురూ చేరతారు. ఒకరు కత్తీ డాలూ పట్టిన యోధుడు, ఒకరు మాంత్రికురాలు, ఒకరు గాయాలు మాన్పే వైద్యుడు, ఒకరు చీకట్లో చప్పుడు లేకుండా నడిచే వేగులవాడు. ఆట మొదలైన అరగంటకే ఎదురుపడ్డ గుంపు చేతిలో ముగ్గురు నేలకూలతారు, నాలుగోవాడు పారిపోతాడు. "పాచికలు పడలేదురా" అని సర్దుకుంటారు. పై వారం మళ్ళీ అదే తంతు.

ఆట నడిపే గేమ్ మాస్టర్ బాధ ఇంకోలా ఉంటుంది. రాత్రిళ్ళు కూర్చుని కథ రాసుకొస్తాడు. ఊరిపెద్ద నోట రెండు మాటలు పలికించేలోపే ఆడేవాళ్ళు, "సరే, ఎవర్ని చంపాలి? ఎన్ని వరహాలిస్తావు?" అంటారు. అంత కథా గాలికి పోతుంది.

పోరు చెడినా కథ చెడినా, నా దృష్టిలో కారణం ఒకటే. నేల మీద ఎవరి కన్నూ లేదు. ఎక్కడ నిలబడ్డామో చూసుకున్న జట్టు గెలుస్తుంది. ఎక్కడ జరుగుతోందో గట్టిగా రాసుకున్న కథ నిలుస్తుంది. ఈ అధ్యాయంలో మీకు అలవాటు చేయాలని నేను పట్టుబడుతున్నది ఇదే.

అందుకే ఉదాహరణలన్నీ ఒకే చోటి నుంచి తీసుకుంటాను. అది కొల్లేటికోట. ఏలూరు, కైకలూరు, తాడేపల్లిగూడెం వైపువాళ్ళకు ఆ పేరు వినగానే పెద్దింట్లమ్మ గుడీ, ఫాల్గుణ మాసపు జాతరా గుర్తొస్తాయి. ఈ ఆట ఆడేవాళ్ళు అందులో ఇంకోటి కూడా చూడాలి. నాలుగు వైపులా నీళ్ళున్న కోట అది.

అక్కడ చెప్పుకునే కథ తెలుసా? లాంగూల గజపతి అనే రాజు కొల్లేటి నడుమ లంకలో కోట కట్టుకున్నాడట. ఆయన మీదికి వచ్చిన శత్రు సేనాని ఒడ్డున చిగురుకోటలో విడిది చేశాడు. ఎంత సైన్యం ఉంటే ఏం, నీళ్ళు అడ్డం. చివరికి సరస్సు నీటిని సముద్రంలోకి వదిలేస్తే మట్టం తగ్గి కోట చేతికొస్తుందని కాలువ తవ్వించాడట. ఆ కాలువే ఇప్పటి ఉప్పుటేరని చెబుతారు. ఆ పని నెరవేరడానికి సేనాని కన్నకూతుర్నే బలి ఇచ్చాడనీ, అందుకే దానికి పేరంటాల కనుమ అన్న పేరు వచ్చిందనీ అంటారు. ఇది జనం నోట బతికిన కథ, శాసనం కాదు. కానీ ఆటకు ఇంతకన్నా మంచి సరుకు ఏ విదేశీ పుస్తకంలోనూ దొరకదని నా గట్టి నమ్మకం.

నియమాలు మాత్రం బయటివే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తలా ఒక పాత్ర పట్టి ఆడే ఈ ఆటలన్నిటికీ తల్లి. కంప్యూటర్ మీద 1998లో వచ్చిన 'బాల్డర్స్ గేట్', 2017లో వచ్చిన 'డివినిటీ: ఒరిజినల్ సిన్ 2', 2023లో వచ్చిన 'బాల్డర్స్ గేట్ 3' ఆ తోవలోవే. అంతమాత్రాన మనకిది పరాయిదా? చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం రాసిన 'తోకచుక్క', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ' సీరియళ్ళను పై నెల ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటూ చదివిన ఇళ్ళు మనవి. గుంపుగా బయల్దేరి, దారిలో మాంత్రికుణ్ణి ఎదుర్కొని, తలా ఒక ఉపాయంతో బయటపడటం మనకు కొత్త కాదు. ఇక పనిలోకి వద్దాం.

పోరు సంగతి

1. నీళ్ళలో దిగకముందు నీళ్ళ గురించి అడగండి.

కొల్లేరు లోతైన సరస్సు కాదు. చాలాచోట్ల మనిషి నిలబడగలడు, పరిగెత్తలేడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాల్లో ఇలాంటి నేల మీద ఒక అడుగు వేస్తే రెండడుగుల కింద లెక్క. అంటే ఒక టర్నులో 30 అడుగులు నడిచే మీ యోధుడు నీళ్ళలో 15 అడుగులే కదులుతాడు. ఎదుటి లంక 60 అడుగుల దూరంలో ఉంటే? గట్టి నేల మీద రెండు టర్నుల పని, ఇక్కడ నాలుగు టర్నులు. ఆ నాలుగు టర్నులూ అవతలి విలుకాళ్ళు ఊరుకుంటారా? మీరు చూడకుండా దిగారు, పాచికలు ఏం చేస్తాయి?

కాబట్టి పోరు మొదలవగానే "నేను కొడతాను" అనొద్దు. ముందు గేమ్ మాస్టర్‌ను ప్రశ్నలు అడగండి. నీళ్ళు మోకాలి లోతా, గుండె లోతా? కిక్కిస గడ్డి ఎక్కడ దట్టంగా ఉంది? గుర్రపుడెక్క ఎక్కడ పేరుకుంది, దోనె దాంట్లోంచి పోతుందా? మనకన్నా ఎత్తులో ఎవరున్నారు? బాల్డర్స్ గేట్ 3లో ఎత్తు మీద నిలబడి దూరం నుంచి కొట్టేవాడి పాచికకు రెండు కలుస్తాయి, పల్లంలోంచి పైకి కొట్టేవాడికి రెండు తగ్గుతాయి. అంటే ఒక గట్టు ఎక్కడం మంచి కత్తి కొనుక్కున్నంత పని.

నీళ్ళకు ఇంకో గుణం ఉంది, చాలామంది దాన్ని వాడుకోరు. బాల్డర్స్ గేట్ 3లో తడిసిన ఒంటికి మెరుపు దెబ్బ, మంచు దెబ్బ రెట్టింపు తగులుతాయి, నిప్పు సగమే తగులుతుంది. శత్రువులు నడుములోతు నీళ్ళలో నడిచొస్తుంటే అగ్నిగోళం వేసే మాంత్రికురాలు చేతిలో ఉన్నదాన్ని సగం పారబోసుకున్నట్టే. ఆమె తీయాల్సింది మెరుపు మంత్రం. ఒక్క నిమిషం ఆగండి, మీ యోధుడు కూడా అవే నీళ్ళలో ఉన్నాడా? డివినిటీ: ఒరిజినల్ సిన్ 2లో అయితే నీటి మడుగు మొత్తానికి కరెంటు పాకుతుంది. అందులో నిలబడ్డవాడు మనవాడా పరాయివాడా అని చూడదు. ముందు మీవాణ్ణి గట్టెక్కించండి, ఆ తర్వాతే మెరుపు.

వేగులవాడికి కిక్కిస పొద బంగారం. దాగి ఉండి కొట్టినవాడికి ఇరవై ముఖాల పాచిక రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకునే వీలు దొరుకుతుంది. 11 గానీ ఆపైన గానీ పడితేనే దెబ్బ తగులుతుందనుకోండి. ఒక్క పాచికతో నూటికి 50 సార్లు తగులుతుంది, రెండు పాచికలతో 75 సార్లు. ఇంత లాభాన్ని ఊరికే వదులుకుంటారా?

2. గట్టు మీద నిలబడండి, బారులు తీరకండి.

చేపల చెరువుల మధ్య గట్టు చూశారు కదా? ఇద్దరు పక్కపక్కన నడిచే వెడల్పు. అవతల ఇరవైమంది రాక్షసులున్నా మీ ముందుకొచ్చేది ఇద్దరే. నలుగురున్న జట్టుకు ఇంతకన్నా గొప్ప మిత్రుడు లేడు. కానీ ఇక్కడే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. నలుగురూ ఒకరి వెనక ఒకరు గట్టు పొడుగునా నిలబడతారు. మెరుపు మంత్రాల్లో ఒకటి తిన్నని గీతలా 100 అడుగులు పోతుంది. ఒకే దెబ్బకు నలుగురూ దొరుకుతారు.

యోధుణ్ణి గట్టు మొదట్లో నిలపండి. వేగులవాణ్ణి పక్కవాలు మీదికి దించండి. మాంత్రికురాలు కాస్త వెనగ్గా, గీతకు పక్కన ఉండాలి. గట్టుకు రెండో కొస కూడా ఉంటుందని మరిచిపోకండి, అటువైపు ఒక కన్ను ఎవరిదైనా ఉండాల్సిందే.

3. నలుగురూ ఒక్కడి మీదే పడండి.

దీన్ని లెక్కతో చూపిస్తాను, ఎందుకంటే మాటతో చెబితే ఎవరూ నమ్మరు. నలుగురు శత్రువులు, ఒక్కొక్కడి ప్రాణం 10 పాయింట్లు. ప్రతివాడూ ఒక రౌండులో 5 పాయింట్ల దెబ్బ కొడతాడు. మీ నలుగురూ తలా 5 కొడతారు, ముందు టర్ను మీది.

తలా ఒకణ్ణి పంచుకున్నారనుకోండి. మొదటి రౌండు అయ్యేసరికి నలుగురు శత్రువులూ తలో 5 పాయింట్లతో బతికే ఉంటారు, నలుగురూ తిరిగి కొడతారు, మీకు 20 పాయింట్ల నష్టం. రెండో రౌండులో అందరూ పోతారు. ఒక్కణ్ణి చంపడానికి ఇక్కడ ఇద్దరు చాలు కాబట్టి, అదే ఇద్దరేసి కలిసి ఒక్కణ్ణి కొడితే మొదటి రౌండులోనే ఇద్దరు చచ్చిపోతారు. మిగిలిన ఇద్దరే తిరిగి కొడతారు, నష్టం 10. రెండో రౌండులో వాళ్ళూ పోతారు. అవే కత్తులు, అవే పాచికలు, గాయాలు సగం.

కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి ఒక్కడే దూకి పట్టుకోబోతే పాయింటు పోతుంది. గొలుసు కట్టి కార్నరూ కవరూ కలిసి పడితే వాడు గీత దాటలేడు. ఇక్కడా అంతే. మరి ముందు ఎవణ్ణి? ఎక్కువ ప్రాణం ఉన్న పెద్ద రాక్షసుణ్ణి కాదు. త్వరగా చచ్చేవాణ్ణి, ఎక్కువ కీడు చేసేవాణ్ణి చూసుకోండి. సాధారణంగా అది వెనక నిలబడ్డ మాంత్రికుడో, వాళ్ళ గాయాలు మాన్పేవాడో అయి ఉంటాడు. ఎవణ్ణి కొట్టాలో మొదటి టర్నువాడు గట్టిగా చెప్పాలి, మిగిలినవాళ్ళు వినాలి.

4. ముందున్నవాడికీ వెనకున్నవాళ్ళకీ మధ్య సందు వదలకండి.

అభిమన్యుడు పద్మవ్యూహంలో ఎందుకు చనిపోయాడు? బయటికొచ్చే విద్య తెలియక అని అందరం చెప్పుకుంటాం. కానీ యుద్ధం ఎలా నడిచిందో చూడండి. అతను వ్యూహాన్ని ఛేదిస్తే వెంటనే భీముడు, ధర్మరాజు, నకుల సహదేవులు లోపలికి రావాలన్నది అసలు పథకం. వరం ఉన్న సైంధవుడు దారిలో నిలబడి వాళ్ళను ఆపేశాడు. అర్జునుణ్ణి సంశప్తకులు ముందే దూరంగా లాక్కుపోయారు. ఆ పథకం అభిమన్యుడు లోపలికి వెళ్ళినప్పుడు కాదు, వెనకవాళ్ళు ఆగిపోయినప్పుడు కూలింది.

మీ జట్టులో యోధుడు ఉత్సాహంగా ముందుకు దూకే ప్రతిసారీ ఈ కథ గుర్తు తెచ్చుకోండి. వైద్యుడి చెయ్యి అందనంత దూరం పోయిన యోధుడు ఒంటరివాడు. యోధుడి పాత్ర ఆడేవారికి నా సలహా: మీరు ఎంత దూరం వెళ్ళగలరో లెక్క పెట్టుకోకండి. మీ వెనకవాళ్ళలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు ఎంత దూరం రాగలరో లెక్క పెట్టుకోండి. శత్రువుల వైపు సైంధవుడి లాంటివాడు ఎవడున్నాడో వేగులవాడు ముందే కనిపెట్టాలి. తలుపు దగ్గరో, గట్టు మొదట్లోనో కదలకుండా నిలబడ్డవాడు వాడే.

5. మంత్రాలు మొదటి రౌండులోనే వాడండి.

"పెద్ద మంత్రం చివరికి ఉంచుకుందాం" అనే పిసినారితనం జట్లను ముంచుతోంది. శత్రువుల్ని నిద్రపుచ్చే మంత్రం, కాళ్ళు జారించే మంత్రం, కట్టిపడేసే మంత్రం పోరు మొదట్లో నాలుగు రెట్లు పనిచేస్తాయి, ఎందుకంటే అప్పుడే అందరూ బతికి ఉంటారు, ఒకేచోట ఉంటారు. చివర్లో ఒక్కడు మిగిలాక కట్టిపడేసి ఏం లాభం? అయితే ఏకాగ్రత కావాల్సిన మంత్రాలు ఒకసారి ఒకటే నిలుస్తాయి. రెండోది మొదలుపెట్టగానే మొదటిది తెగిపోతుంది. ఈ ఒక్క నియమం తెలియక ఎంతమంది మాంత్రికులు తమ మంత్రాన్ని తామే చెరుపుకుంటారో!

వైద్యులకు ఒక మాట. చిన్న గీత పడ్డప్పుడల్లా మందు పూయకండి. మామూలుగా ఒక టర్నులో మీరు నింపేదానికన్నా శత్రువు తీసేదే ఎక్కువ. పడిపోయినవాణ్ణి లేపడానికి మీ శక్తి దాచండి. మిగతా టర్నుల్లో మీరూ ఒక దెబ్బ వేయండి.

6. వెనక్కి తగ్గే దారి ముందే అనుకోండి. "ఇద్దరు పడిపోతే దోనె దగ్గరికి" అని ఆట మొదట్లోనే మాట అనుకుంటే చాలు.

కథ కట్టే సంగతి

ఇప్పుడు గేమ్ మాస్టర్ కుర్చీలో ఉన్నవారితో మాట్లాడతాను. పోరు బాగా నడపడం కన్నా ఇది కష్టం, ఇందులోనే ఎక్కువ ఆనందం ఉంది.

7. "ఏం చెయ్యాలి" అని రాయకముందు "ఎవరికి ఏం కావాలి" అని రాసుకోండి.

"లంకలో రాక్షసులున్నారు, వెళ్ళి చంపండి" అన్నది కథ కాదు, పని అప్పజెప్పడం. కొల్లేటికోట కథనే తీసుకోండి. గజపతికి నీళ్ళు నిలవాలి. సేనానికి నీళ్ళు పోవాలి. ఇంతవరకు రెండు పక్షాలే, కథ ఇంకా బిగుసుకోలేదు. మూడో పక్షాన్ని తెండి, లంకల్లోని జాలర్లను. కోటకు చేపలు పెట్టేది వాళ్ళు. సరస్సు ఎండితే వలకట్లు పోయి రోడ్డున పడేదీ వాళ్ళే. మరి వరద ఏడాది గుడిసెల్లోకి నీళ్ళొచ్చినప్పుడు, "ఆ కాలువ ఉంటే బాగుండేది కదా" అని ఎవరంటారు? అదీ వాళ్ళే! ఒకే ఇంట్లో అన్నది ఒక మాట, తమ్ముడిది ఇంకో మాట.

ఇది నేను ఊహించి పెట్టిన చిక్కు కాదు. కొల్లేటి నిజమైన చిక్కు ఇదే. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏళ్ళు తెచ్చే నీళ్ళన్నీ ఇందులో చేరాలి, సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు చివరికి చేరేది ఇక్కడికే. 1999లో ప్లస్ ఐదో కాంటూరు (ఎత్తు గీత) వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు అంతర్జాతీయ ప్రాధాన్యమున్న చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. పక్షులకు నీళ్ళు కావాలి, చెరువులవాళ్ళకు గట్లు కావాలి, ఎగువ రైతుకు తన చేలోంచి నీళ్ళు త్వరగా దిగిపోవాలి. వీళ్ళలో ఎవరు దుర్మార్గులు? ఒక్కరూ కాదు. అలాంటి ముడి మీ ఆటలో పడితే "ఎవర్ని చంపాలి" అని ఎవరూ అడగరు. "ఇప్పుడేం చేద్దాం" అని తమలో తాము వాదించుకుంటారు. అలా వాదించుకుంటుంటే మీరు మధ్యలో మాట్లాడకండి. మీ కథ పండింది.

8. ప్రతి చిక్కుకూ కనీసం మూడు దారులు ఉంచండి.

కొట్లాట ఒకటి, మాట ఒకటి, మాయోపాయం ఒకటి. మాయోపాయానికి మన దగ్గర ఎలాంటి ఉదాహరణ ఉందో చూడండి. దండి సంస్కృతంలో రాసిన 'దశకుమార చరితము' పదిమంది యువకుల కథ. తిక్కన కాలంలో కేతన దాన్ని తెలుగు చేసి అభినవ దండి అనిపించుకున్నాడు. రాజవాహనుడు కనిపించకుండా పోతే మిగిలినవాళ్ళు తలో దిక్కూ వెతుకుతూ వెళ్ళి, మళ్ళీ కలుసుకుని ఎవరి సాహసం వాళ్ళు చెబుతారు. విడిపోయిన జట్టును తిరిగి కలపడం ఎలాగో నేర్చుకోవాలంటే ఈ పుస్తకాన్ని మించింది లేదు.

అందులో మంత్రగుప్తుడి కథ వినండి. కళింగ రాజునూ అతని కూతురు కనకలేఖనూ ఆంధ్ర రాజు చెరపట్టాడు. మంత్రగుప్తుడు ఒక్కడు, అవతల రాజ్యం మొత్తం. కత్తి దూస్తే ఏమవుతుంది? అందుకని సిద్ధుడి వేషం వేసి నగరం దగ్గరి పెద్ద సరస్సు ఒడ్డున మకాం పెట్టాడు. ఈ సరస్సులో మునిగితే నీకు కొత్త దేహం వస్తుందని రాజును నమ్మించాడు. ముందే నీటి అడుగున గట్టులో బొరియ తవ్వి అందులో దాక్కున్నాడు. రాజు మునగగానే లోపలే చంపి, శవాన్ని ఆ బొరియలో దాచి, కొత్త దేహం వచ్చిన రాజులా తానే పైకి లేచాడు! ఆ సరస్సు మన కొల్లేరేనని చాలామంది అంటారు.

ఇది మీ బల్ల దగ్గర జరిగిందనుకోండి. రాజుతో ఘోర యుద్ధానికి మీరు బొమ్మలూ పటాలూ సిద్ధం చేసుకొచ్చారు. ఆడే అమ్మాయి ఒకత్తె "నేను బొరియ తవ్వుతాను" అంది. మీ ముఖం మాడ్చుకుంటారా? వద్దు. గట్టు మట్టి ఎలా ఉందో చెప్పండి, ఊపిరి ఎంతసేపు బిగపట్టగలవో పాచిక వేయమనండి, కాపలావాళ్ళకు అనుమానం వస్తుందేమో చూడండి. దాటుకొస్తే గెలవనివ్వండి. ఆ అమ్మాయి మీ ఆటను ఏళ్ళ తరబడి చెప్పుకుంటుంది.

9. ముఖ్యమైన రహస్యానికి మూడు ఆధారాలు పెట్టండి. జస్టిన్ అలెగ్జాండర్ అనే ఆటల రచయిత చెప్పిన సూత్రమిది. ఆడేవాళ్ళు మొదటిదాన్ని చూడరు, రెండోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు. రాత్రిపూట కాలువ తవ్వేవాళ్ళు ఏ లంకలో దాక్కున్నారో తెలియాలి. ఆ లంక మీద గూడబాతులు వాలకుండా గాల్లోనే తిరుగుతున్నాయి. ఆ పక్కనుంచి వచ్చే నీరు బురదగా ఉంది. సంతలో ఎవరో ఒక్కసారే పది గంపల ఎండుచేపలు కొనుక్కుపోయారు. మూడూ ఆ నేలలోంచి పుట్టినవే చూడండి. కొల్లేటికి చలికాలంలో దూరదేశాల పక్షులొస్తాయి, ఆటపాక దగ్గర గూడబాతులు గూళ్ళు పెడతాయి. ఈ ప్రాంతం పిల్లవాడు మీ ఆటలో ఉంటే మొదటి ఆధారం వాడే పట్టేస్తాడు.

10. జట్టు ఆగినా శత్రువు ఆగకూడదు.

కాగితం మీద ఆరు గళ్ళు గీయండి. జట్టు ఒక రాత్రి విశ్రాంతి తీసుకున్నప్పుడల్లా ఒక గడి నింపండి. రెండు గళ్ళు నిండితే కాలువ సగం తవ్వారు. నాలుగు నిండితే నీటి మట్టం దిగి, నిన్న దోనె మీద వెళ్ళిన చోట ఇవాళ బురదలో నడవాలి. ఆరు నిండితే కోట చుట్టూ నేల తేలుతుంది, సైన్యం నడిచొస్తుంది. దీంతో రెండు పనులు జరుగుతాయి. ప్రతి చిన్న గొడవ తర్వాతా పడుకుని శక్తి నింపుకునే అలవాటు పోతుంది. పోరుకు నేల మారుతుంది. మొదటి ఆదివారం మెరుపు మంత్రంతో గెలిచిన జట్టుకు మూడో ఆదివారం ఆ నీళ్ళే ఉండవు!

11. పాచిక ఓడితే దారి మూయకండి, ధర పెంచండి. తాళం తెరవలేకపోయాడా? తెరుచుకుంది, కానీ కాపలావాడు దగ్గాడు.

12. అమ్మవారి జోలికి పోకండి, ఆ కూతురి గురించి ఆలోచించండి.

పెద్దింట్లమ్మ ఇవాళ్టికీ వేలమంది మొక్కే తల్లి. ఆమెకు ప్రాణం పాయింట్లు రాసి ఆటలోకి దించడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. కథలో గుడి ఉండనివ్వండి, జాతర ఉండనివ్వండి, జాతరకొచ్చే దోనెలుండనివ్వండి. అక్కడ ఆయుధం తీయకూడదన్న కట్టుబాటు ఒకటి పెడితే శత్రువులూ మీవాళ్ళూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సి వస్తుంది. దానంత మంచి సన్నివేశం ఉంటుందా?

సేనాని కూతురి సంగతి ఇంకా జాగ్రత్తగా పట్టుకోవాలి. చాలామంది ఆమెను కట్టేసిన బొమ్మలా ఒక మూల పెట్టి, "వెళ్ళి రక్షించండి" అంటారు. అది ఆమెకూ అన్యాయం, కథకూ అన్యాయం. ఆమెకొక పేరు పెట్టండి. ఆమెకేం తెలుసు? బహుశా కాలువ ఎటు పోవాలో గుర్తులు పెట్టింది ఆమే. ఆమెకేం కావాలి? తండ్రి బతకాలి, తానూ బతకాలి, ఒడ్డున ఆకలితో పడున్న సైన్యం ఇంటికి పోవాలి. జట్టు వచ్చి "పద, పారిపోదాం" అంటే ఆమె వెంటనే సరేననకూడదు. అప్పుడు మీ ఆటలో కత్తి తీయని పోరు మొదలవుతుంది, అది గంటసేపు నడిచినా ఎవరూ ఫోను ముట్టుకోరు. బలి లాంటి విషయం ఉంది కాబట్టి ఆట మొదలవకముందే అందరితో చెప్పండి. ఎవరైనా వద్దంటే మార్చేయండి, కారణం అడగకండి.

మొదటి ఆదివారం ఇలా మొదలుపెట్టండి

గజపతి కోట మొత్తాన్నీ ఒకేసారి ఎత్తుకోకండి. అందరూ అక్కడే తడబడతారు. ఒక లంక, ఒక గట్టు, రెండు దోనెలు గీయండి. గట్టు మీద నలుగురు కాపలావాళ్ళు, లోపల కాలువ పటం ఉన్న గుడిసె. కావాల్సింది ఆ పటం. కాపలావాళ్ళలో ఒకడికి ఇంటి మీద బెంగ, మాటకు లొంగుతాడు. గుడిసె వెనక కిక్కిస దట్టంగా ఉంది, దొంగతనానికి దారి. ముందు గట్టు ఇరుకు, కొట్లాటకు చోటు. పటం తెచ్చుకున్నాక ఎవరికివ్వాలి? గజపతికా, జాలర్లకా, చించెయ్యాలా? ఆ ప్రశ్న దగ్గర ఆట ఆపేసి పై వారానికి వాయిదా వేయండి. నియమాలన్నీ కంఠతా రానక్కర్లేదు. నాలుగు ఇరవై ముఖాల పాచికలు, ఒక పెన్సిలు, మూడు గంటలు చాలు.

ఏలూరులో ఉన్నా, హైదరాబాదు హాస్టల్లో ఉన్నా, డాలస్‌లో ఉన్నా ఈ వారమే ముగ్గురికి ఫోన్ చేయండి. వీలుంటే జనవరిలో ఒకసారి కొల్లేటికి వెళ్ళి, దోనె ఎక్కి, నీళ్ళలో కర్ర దింపి లోతు చూసి రండి. తర్వాత గీసే పటం మీ సొంతం అవుతుంది.